గాట్లలో మురికి

ఫిబ్రవరి 27, మంగళవారం

మా అర్జీని కౌన్సిల్‌వాళ్ళు మళ్ళీ తోసేశారు. పన్నెండో మైలు వాగు దగ్గర స్మారక రాయి నిలబెట్టడానికి "తగిన ఆధారాలు లేవు"ట. ఆంటీ ఎర్లీన్ వాళ్ళ నాయనమ్మ ఆ వాగు గడ్డిలో దాక్కుని బతికిన పిల్ల. గుర్రపు పోలీసులు తెల్లారకముందే వచ్చి, నిద్రలో ఉన్న తమవాళ్ళ విడిది మీద పడి కాల్చారని ఆవిడ చచ్చేదాకా చెప్పింది. అది ఆధారం కాదు. ఈ ఊళ్ళో మొదటి పశువుల దొడ్డి ఎవడు కట్టాడో ఎవడో ముసలాడు బీరు తాగుతూ చెప్పాడే, అదీ ఆధారం! దానికి కంచు పలక, చుట్టూ గులాబీ మొక్కలు, వాటికి నీళ్ళు పట్టడానికి కౌన్సిల్ జీతం ఇచ్చే మనిషి. ఆదివాసీ ముసలావిడ చెబితే కథ, తెల్ల ముసలాడు చెబితే చరిత్ర. ఇరవై ఏళ్ళు బళ్ళో చరిత్ర పాఠం చెప్పినదాన్ని, ఈ ముక్క నా మొహం మీదే అంటారు.

ఏప్రిల్లో మళ్ళీ చర్చకి పెడతారట.

బయటికొచ్చాక ఆంటీ ఎర్లీన్ నా చేతిలో పిప్పరమెంటు పెట్టింది. "గొంతు పోయింది చూడు టీచరమ్మా. చప్పరించు. ఏప్రిల్లో మళ్ళీ అరవాలి."

ఫిబ్రవరి 28

పత్రికకి వ్యాసం పంపాను. ఎడిటర్ "పిరికిపందలు" అన్న మాట కొట్టేసి "జాగ్రత్తపరులు" అని పెట్టాడు. ఫోన్ చేసి దులిపేశాను.

మార్చి 9, శనివారం

నెవ్ స్ట్రాకన్ ఫోన్ చేశాడు. వాగు పారేది వాళ్ళ భూముల్లోంచే. ఎనభై దాటాయి, భూమి అమ్మేశాడు, సముద్రం ఒడ్డున వృద్ధుల హోమ్‌కి వెళ్ళిపోతున్నాడు. తుపాకులు వెంట రావు కాబట్టి వదిలించుకుంటున్నాడు.

"నువ్వు నన్ను పేపర్లో తిడతావని తెలుసు అమ్మాయ్. కానీ ఈ జిల్లాలో పాత తుపాకి చూడ్డం వచ్చినదానివి నువ్వే. వచ్చి చూడు. తిట్లు తర్వాత."

వెళ్ళాను. నాకు పాత సైనిక తుపాకుల పిచ్చి ఉందన్నది దాచిన సంగతేం కాదు. ఆంటీ ఎర్లీన్‌కీ తెలుసు. "పాముల్ని పెంచేవాళ్ళున్నారు, నువ్వూ అలాగే" అని నవ్వేసింది ఒకసారి. నేను వాటిని కాల్చను, చదువుతాను. ఏ కార్ఖానా, ఏ సంవత్సరం, ఏ పటాలం, ఎవరి చేయి. తుపాకి అబద్ధమాడదు, దానికి పనిచేసిన మనుషులు ఆడతారు. ఈ మాట మా పాత తుపాకుల క్లబ్బులో ఎన్నిసార్లు అన్నానో.

వంటింటి బల్ల మీద పాత దుప్పటి పరిచి ఉంచాడు. రెండు యుద్ధాల నాటి త్రీ-నాట్-త్రీలు. ఒకదాని కర్ర వేటకోసం సగానికి కోసేసి పాడుచేశారు. ఇంకోటి బోల్టు ఒక తుపాకిది, గొట్టం ఒక తుపాకిది. మామూలు సరుకు. ఆఖరికి గోనెగుడ్డలోంచి ఒకటి తీశాడు.

పొట్టి స్నైడర్, పాతకాలపు ఒంటితూటా తుపాకి. గుర్రపువాళ్ళది. పక్కరేకు మీద కిరీటం, సంవత్సరం. కర్ర చివర భుజానికి ఆనే మడమకి కొట్టిన ఇత్తడి పలక మీద ఈ రాష్ట్రం ఇంకా వలసగా ఉన్ననాటి ప్రభుత్వ ముద్ర. దాని కింద వాగు దగ్గర కాల్చిన ఆ గుర్రపు పోలీసుల దళం గుర్తు. ఎవరూ ఇసుక కాగితం పెట్టలేదు, ఎవరూ మెరుగు పెట్టలేదు. గొట్టంలోకి లైటు వేసి చూస్తే తూటాని తిప్పే గాళ్ళు ఇంకా అరగకుండా ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళుగా వెతుకుతున్నాను ఇలాంటిదాని కోసం.

తిప్పాను. మడమ కింద, చేయి ఆనే చోట, గాట్లు. కత్తితో పెట్టినవి. వరసగా. లెక్కపెట్టాను. ఇక్కడ రాయను.

"డింగోలు" అన్నాడు నెవ్ నేను అడక్కుండానే. "మా తాత అడవికుక్కల్ని కొట్టేవాడు. కుక్కకో గాటు."

భూతద్దం పెట్టాను. ధర పెంచడానికి కొత్తగా గాట్లు పెట్టి బూటుపాలిష్ రుద్దే దొంగలు ప్రతి సంతలోనూ ఉంటారు. సూది తగిలిస్తే పాలిష్ మెత్తగా పెచ్చులూడుతుంది. ఇది ఊడలేదు. తారులా గట్టిపడిన నల్ల మురికి. చేతి చెమట, గుర్రం చెమట. ఆ మురికి కింద ఎర్రటి పూత. కర్ర మొత్తం మీద ఉన్న పూతే. పోలీసులు వాడటం అయిపోయాక తుపాకుల్ని సర్కారు గిడ్డంగికి తిప్పి పంపేవారు, అక్కడ ఎర్రమన్ను నూనె పూసి వేలానికి పెట్టేవారు. ఆ వేలంలోనే నెవ్ తాత కొన్నది.

అంటే గాట్లు పూతకి ముందువి. పోలీసుల చేతుల్లో ఉండగా పడినవి. అడవికుక్కలకి ఈ జిల్లాలో పోలీసు తూటా ఎవడూ ఖర్చు పెట్టలేదు.

అంటే నెవ్ తాత వాటిని పెట్టలేదు.

టీ పోస్తూ నెవ్ అన్నాడు. "చిన్నప్పుడు ఒకసారి అడిగాను నాన్నని, ఇవేంటని. బెల్టు తీశాడు. మళ్ళీ అడగలేదు." కప్పు పట్టుకున్న చేయి చూశాను. నన్నేదో అడుగుతున్నాడు, నోటితో కాదు.

కేకు బావుందన్నాను.

మార్చి 10

ఎందుకు చెప్పలేదు? ఒక్క వాక్యం. "నెవ్, ఇవి మీ తాతవి కావు." అంతే.

ఎందుకంటే తొందరపడకూడదు కాబట్టి. నిపుణురాలు రెండోసారి చూడకుండా మాట అనకూడదు కాబట్టి. పైగా ఆ భూమి ఎలా వచ్చిందో తెలిసి మూడు తరాలుగా తింటున్న ఇంటివాడు, ఒక రాత్రి నిద్ర పట్టకపోతే వచ్చిన నష్టమేమీ లేదు కాబట్టి.

ఇది దొరికితే రాయికి ఆధారం దొరికినట్టే. అందుకే కొనాలి. అందుకే.

మార్చి 16, శనివారం

రెండోసారి చూశాను. సందేహం లేదు.

కొంటానన్నాను. నెవ్ వంగి కుక్క చెవులు నిమిరాడు. తర్వాత అన్నాడు:

"నగరం నుంచి ఒక వ్యాపారి ఫోన్ చేశాడు. ఫొటో పంపమన్నాడు. గాట్లున్నాయా అని మొదటి మాటే అడిగాడు. అంత ఉత్సాహంగా అడిగాడు, ఫోన్ పెట్టేశాను. నాకు డబ్బు అక్కర్లేదు అమ్మాయ్. నీకిస్తాను. కానీ ముందు బల్ల మీద పెట్టి, అవి డింగోలవని నీ నోటితో చెప్పాలి."

బల్ల అంటే మా క్లబ్బులో నెలకోసారి ఆకుపచ్చ గుడ్డ పరిచేది. తుపాకి పెడతారు, పరీక్షించినవాళ్ళు లేచి ఒక మాట చెబుతారు. అది ఖాయం. దాని మీద ఇంకొకరు నోరెత్తకూడదు. ఆరేళ్ళుగా ఆ మాట చెప్పేది నేనే.

"చూడకుండా ఎలా చెబుతాను నెవ్?"

"చూడకపోవడమా! తలలో పేలు వెతికినట్టు గంటసేపు వెతికావు."

"అవి డింగోలవి కాకపోతే?"

"అందుకే నిన్ను చెప్పమంటున్నా. నువ్వు చెబితే అందరూ నమ్ముతారు. స్ట్రాకన్‌లని కాపాడ్డానికి నువ్వు అబద్ధమాడవని ఊరందరికీ తెలుసు."

మార్చి 17

ఒప్పుకోను. ఒప్పుకునే ప్రశ్నే లేదు.

మార్చి 20

ఒప్పుకున్నాను.

ఆలోచించి ఒప్పుకున్నాను. నేను కాదంటే నగరం వ్యాపారి తీసుకుంటాడు. ఏ కోటీశ్వరుడి గోడకో ఎక్కుతుంది, విస్కీ తాగుతూ వేలితో గాట్లు నిమిరి అతిథులకి చూపిస్తాడు. మా లోకంలో మనిషి ప్రాణానికి ఒక ధర ఉంది, గాటుకింత. ఆ మురికివ్యాపారం నుంచి దాన్ని కాపాడుతున్నాను. నెవ్ సముద్రం ఒడ్డుకి వెళ్ళిపోయాక, నాలుగు నెలలాగి, నిజం బయటపెడతాను. తుపాకి ఇక్కడే ఉంటుంది కదా. గాట్లు ఇక్కడే ఉంటాయి. మురికీ ఇక్కడే ఉంటుంది. ఒక్కరోజు మాట. వ్యూహం.

ఇదే మాట ఏ కౌన్సిలరైనా అని ఉంటే అరపేజీ వ్యాసం రాసి ఉండేదాన్ని.

ఏప్రిల్ 6, శనివారం

క్లబ్బు. పాతిక మంది. సాసేజ్ రొట్టెలు, ఉల్లిపాయల వాసన. బల్ల మీద స్నైడర్.

ప్రెసిడెంట్ బార్నీ గ్రిల్స్ వంగి చూసి ఈల వేశాడు. "గాట్లు! గ్లెనిస్, ఇవి మనం అనుకుంటున్నవేనా? నిజమైతే ఈ రాష్ట్రంలో రెండో మూడో ఉంటాయి."

"మనుషులవైతే బాగుణ్ణు, కదా?" ఎవరో వెనక నుంచి నవ్వారు. అతన్ని చీల్చి చెండాడేదాన్ని ఇంకో రోజైతే. మొదటిసారి వాటిని చూసినప్పుడు నాకూ అదే అనిపించింది. నిజమైతే బాగుణ్ణు. సరిగ్గా ఆ మాటే. రాయి కోసం కాదు. నా కోసం.

లేచాను. "గాట్లు తర్వాతి కాలానివి. పశువుల కాపరి పని. అడవికుక్కలు."

బార్నీ మొహం పడిపోయింది. వెనక వరసలో నెవ్ కళ్ళు మూసుకున్నాడు. ఊరట అనుకున్నాను. కాదు. తాత మీద సందేహం తీరినవాడు అలా మూసుకోడు. నేను అబద్ధం ఆడానని అతనికి తెలుసు. తాతని కాపాడ్డానికి ఆడానని అనుకుంటున్నాడు. అంటే తాత చంపాడని ఇవాళ అతనికి ఖాయమైపోయింది.

నా వల్ల.

ఏప్రిల్ 8

తుపాకి ఇంటికొచ్చింది.

ఏప్రిల్ 13, శనివారం

బార్నీ ఫోన్. క్లబ్బు పత్రికకి గాట్ల ఫొటోలు కావాలట, బాగా దగ్గర నుంచి, కొత్త లెన్స్ కొన్నాడట. "నీ మాట మీద నమ్మకం లేక కాదు గ్లెన్. కానీ ఆ నలుపు చూస్తే నాకేదో పాతగా అనిపించింది." బుధవారం వస్తాడు.

ఏప్రిల్ 14, ఆదివారం

స్నైడర్ కర్రకి పురుగు పట్టినట్టుంది. మడమ కింద పొడి రాలినట్టు అనిపించింది. టర్పెంటైన్‌తో కడిగి, నూనె పట్టించాను. మామూలు పనే. ప్రతి తుపాకికీ చేసేదే.

లెస్ వంటింట్లోకొచ్చి ముక్కు మూసుకున్నాడు. "ఏమే, టీ కూడా టర్పెంటైన్ కంపే."

"పురుగు పట్టింది."

"తుపాకికా, నీకా?"

మా ఆయన రైల్వేలో చేసి రిటైరయ్యాడు. పెద్దగా మాట్లాడడు. మాట్లాడితే ఇలాంటివే.

ఏప్రిల్ 17

బార్నీ ఫొటోలు తీశాడు. "శుభ్రంగా ఉన్నాయే" అన్నాడు. రెండుసార్లు అన్నాడు.

ఏప్రిల్ 23, మంగళవారం

కౌన్సిల్.

ఆంటీ ఎర్లీన్ మాట్లాడింది. కాగితం లేదు. నాయనమ్మకి గుర్రం చప్పుడు వినిపిస్తే ఎనభై ఏళ్ళ వయసులో కూడా మంచం కిందకి దూరేదని, అందుకే వాళ్ళ పిల్లలెవరూ ఏటా ఊళ్ళో జరిగే గుర్రాల ప్రదర్శనకి వెళ్ళలేదని చెప్పింది. చైర్మన్ పెన్ను కింద పెట్టాడు. ఈసారి అవుతుందనిపించింది. నిజంగా అనిపించింది.

అప్పుడు నెవ్ లేచాడు. వచ్చే వారం వెళ్ళిపోయేవాడు, కోటు వేసుకొచ్చాడు.

"ఎర్లీన్ అంటే నాకు గౌరవమే. కానీ మా భూమిలో అలాంటిదేం జరగలేదు. మా ఇంటి తుపాకి మీద గాట్ల గురించి ఊళ్ళో చెవులు కొరుక్కున్నారు. బల్ల మీద తేలిపోయింది, అవి కుక్కలవని. తేల్చిందెవరు? ఇదిగో, ఈ గ్లెనిసే. పేపర్లో మిమ్మల్నందర్నీ తిట్టే గ్లెనిసే. తేల్చి, తనే కొనుక్కుంది."

అతని గొంతులో విజయం లేదు. తాతని పాతిపెడుతున్నవాడి గొంతు అది. అది నేనొక్కదాన్నే విన్నాను.

చైర్మన్ నా వైపు తిరిగాడు. "అవునామ్మా?"

ఏ సభలోనూ మైకు వదలనిదాన్ని. "ఔను" అన్నాను.

ఆంటీ ఎర్లీన్ నా వైపు చూడలేదు. సంచి సర్దుకుంది. మేలో ఆఖరిసారి ఓటుకి పెడతారట.

ఏప్రిల్ 25

యుద్ధవీరుల దినం. తెల్లవారుజామున ఊరంతా స్తూపం దగ్గర. మరిచిపోము, మరిచిపోము అని అందరితో పాటు నేనూ అన్నాను.

ఏప్రిల్ 27, శనివారం

ఆంటీ ఎర్లీన్ ఇంటికి వచ్చింది. లెస్ తలుపు తీసి, ఆవిడ మొహం చూసి, తోటలోకి వెళ్ళిపోయాడు.

"ఎన్నాళ్ళయింది ఆ తుపాకి నీ దగ్గరికొచ్చి?"

"మూడు వారాలు."

"మూడు వారాలు. మంగళవారం నా పక్కన కూర్చుని నా సంచి పట్టుకున్నావు. అప్పుడు కూడా ఇంట్లో ఉందన్నమాట."

"ఉంది."

"కుక్కలా?"

"కాదు. పోలీసులు. పక్కాగా. బల్ల దగ్గర అబద్ధం చెప్పాను. నెవ్ అలా చెబితేనే ఇస్తానన్నాడు."

దెబ్బ తగులుతుందనుకున్నాను. ఆవిడ కుర్చీలో కూలబడింది, రెండు చేతులతో మొహం రుద్దుకుంది. చేతులు తీసేసరికి నవ్వుతోంది, కళ్ళనీళ్ళతో.

"ఓసి నీ మొహం మండా! అయితే ఆధారం ఉన్నట్టేగా! తర్వాత తిడతాను నిన్ను, తీరిగ్గా, పద్ధతిగా తిడతాను. ముందు చెప్పు, ఎవరికి చూపిస్తే నమ్ముతారు? నీ మాట ఇక పనికిరాదు."

"నగరంలో నిపుణులుంటారు. గాట్లలో మురికీ, దాని కింద పూతా చూసి చెబుతారు."

"అయితే పిలిపించు. మేలో ఓటుకి ముందే." లేచింది. గుమ్మం దగ్గర ఆగి, "మా నాయనమ్మ ఇది వినుంటే" అంది. వాక్యం పూర్తి చేయలేదు.

గాట్లలో మురికీ, దాని కింద పూతా. నా నోటితోనే అన్నాను. అవి లేవని తెలిసి అన్నాను. ఆవిడ నవ్వుతోంది, ఆ నవ్వు ఆపలేకపోయాను. ఔను. అదే కారణం. ఆవిడ కోసమే.

కాదు. ఇంకొక్క పూట మంచిదానిలా కనబడాలని.

మే 1

ఆంటీ ఎర్లీన్ ఫోన్. వాళ్ళ చుట్టాల్లో నలుగురికి చెప్పేసిందట. ఒకాయన ఓటు రోజుకి పన్నెండు గంటలు బస్సులో ప్రయాణం చేసి వస్తాడట. "నిపుణుడు దొరికాడా?"

చూస్తున్నానన్నాను.

మే 4, శనివారం

ఇది రాయాలి. ఇక్కడైనా.

గొర్రెబొచ్చు కొవ్వు, పొయ్యి మసి, కొంచెం ఎర్రమన్ను నూనె. దొంగలు ఎలా చేస్తారో వాళ్ళని పట్టుకునేవాళ్ళకి బాగా తెలుస్తుంది. ముందు ఎర్రపూత సన్నగా, ఆరాక నలుపు, ఓవెన్ ముందు పెట్టి గట్టిపరచడం. ఒక్క గాటులో చేసి చూశాను. భూతద్దం పెట్టాను. సూది పెట్టాను. ఎవడూ కనిపెట్టలేడు. నేను కనిపెట్టలేను.

నిజమే కదా చెప్పబోతున్నది! ఉన్న నిజాన్ని ఉన్నచోట తిరిగి పెడుతున్నాను, అంతే కదా. ఇలా అరగంట వాదించుకున్నాను, గెలిచాను కూడా. నేను వాదనలో ఎప్పుడు ఓడిపోయాను కనుక.

రెండో గాటుకి కత్తి మొన మీద ఎర్రమన్ను తీసుకున్నాను. ఆ గాటు కొంచెం వంకరగా ఉంది. పెట్టినవాడి చేయి జారి ఉంటుంది. లేదా గుర్రం కదిలి ఉంటుంది. అప్పటిదాకా అవి నాకు గాట్లు. లోతు, అంచు, వయసు. ఇది మాత్రం ఒక మనిషి. ఆ మనిషిని నేను గుడ్డతో తుడిచేశాను ఒకసారి, ఇప్పుడు మసితో తయారుచేస్తున్నాను.

కడిగేశాను. మళ్ళీ అదే టర్పెంటైన్.

పురుగు ఎప్పుడూ లేదు.

మే 5, ఆదివారం

ఆంటీ ఎర్లీన్ ఇంటికి వెళ్ళాను. వరండాలో కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. చెప్పేశాను. మురికి కడిగింది నేనేనని, బార్నీకి దొరికిపోతానని కడిగానని, తను నవ్విన రోజుకి ముందే కడిగానని. నిన్న చేసిన పని కూడా.

చేతిలో దుంప పూర్తిచేసి ఇంకోటి తీసుకుంది.

"ఎందుకు కావలసొచ్చింది అది నీకు?"

"దాన్ని కాపాడాలని..."

"టీచరమ్మా."

"కావాలనిపించింది. అంత మంచిది నేనెప్పుడూ చూడలేదు."

"మంచిది" అంది ఆవిడ. ఆ మాటని నోట్లో అటూ ఇటూ తిప్పి చూసింది. "నెవ్‌కి తెలుసా? వాళ్ళ తాత కాదని?"

"చెప్పలేదు."

కత్తి పక్కన పెట్టింది. నన్ను తిట్టలేదు. తీరిగ్గా తిడతానంది కదా, ఆ తిట్లైనా నాకు దక్కలేదు.

"మా నలభై మంది చుట్టాలకీ, ఆ ముసలాడికీ ఒకే రోజు అన్యాయం చేశావన్నమాట. మా తాతలు పోయింది ఎలాగో చెప్పనీయలేదు, వాడి తాత చేయలేదని చెప్పలేదు. ఒక్క నోరు మూసి ఇంత పని. ఎప్పుడూ అరుస్తావనుకున్నా, మూస్తే ఇంకా ప్రమాదం నువ్వు." బేసిన్ తీసుకుని లేచింది. "ఓటు రోజు రా. వాళ్ళకి చెప్పు. వ్యాసం చదవకు."

మే 12

నెవ్ ఉండే హోమ్‌కి ఫోన్ చేసి పెట్టేశాను. ఇది ఫోన్లో చెప్పే మాట కాదు. ఓటు రోజు రమ్మని కబురు పెట్టాను. కూతురు తీసుకొస్తానంది.

మే 28, మంగళవారం

చెప్పాను. నిలబడి, కాగితం లేకుండా. బల్ల దగ్గర అబద్ధమాడాను. గాట్లు పోలీసులవి. ఆధారం నా చేతుల్లో ఉండింది, కడిగేశాను. ఎందుకంటే తుపాకి కావాలి, అది దొరికాక నేను దొరికిపోకూడదు.

హాల్లో గుసగుసలు. బార్నీ ఉన్నాడు, నేల చూపులు చూస్తున్నాడు. చైర్మన్ అన్నాడు: "అప్పుడు అబద్ధమా అమ్మా, ఇప్పుడు అబద్ధమా? మాకెలా తెలుస్తుంది?"

"తెలీదు. తెలిసేదాన్ని నేను పోగొట్టాను."

తర్వాత నెవ్ వైపు తిరిగాను. చక్రాల కుర్చీలో ఉన్నాడు. నెలలో ఎంత తగ్గిపోయాడో. "నెవ్, మీ తాత ఆ తుపాకి కొనేనాటికే గాట్లున్నాయి. ఆయన పెట్టలేదు. మార్చిలో మీ వంటింట్లోనే నాకు తెలుసు."

"మార్చిలో" అన్నాడు.

"ఔను."

"నేను టీ పోశాను."

"ఔను."

"కేకు బావుందన్నావు."

కూతురు కుర్చీ తిప్పబోతే చేత్తో ఆపాడు. తర్వాత నెమ్మదిగా ఎర్లీన్ వైపు చూశాడు. "నాకు తెలిసుంటే రాయి వద్దనేవాణ్ణి కాదు ఎర్లీన్. మా నాన్న బెల్టు..." ఆగిపోయాడు. "తెలుసు నెవ్" అంది ఆవిడ.

ఓటు పెట్టారు. ఒక్క ఓటు తేడాతో పోయింది. "నిపుణుల సాక్ష్యం నమ్మదగినదిగా లేనందున" అని రాశారు. నిపుణులు అంటే నేను. బస్సులో పన్నెండు గంటలు వచ్చినాయన టోపీ పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆయన పేరు కూడా అడగలేదు నేను.

మెట్ల మీద ఆంటీ ఎర్లీన్‌తో అన్నాను: "తుపాకి మీరు తీసుకోండి."

"లైసెన్సు ఎవరికుంది?"

"నాకే."

"మరి ఎలా తీసుకోను? మమ్మల్ని కాల్చిన తుపాకి మా ఇంట్లో పెట్టుకుంటే అరెస్టు చేసేది మమ్మల్నే. నీ దగ్గరే ఉండనీ. మావాళ్ళెవరు చూడాలని వచ్చినా తలుపు తీయి. దాని గురించి కాదు, నువ్వేం చేశావో చెప్పు. ఒక్కొక్కళ్ళకీ. నేను కూర్చుని వింటాను."

"ఎంతమందికి?"

"మేం చాలామందిమి టీచరమ్మా. అందర్నీ చంపలేకపోయారు."

జూన్ 2, ఆదివారం

లెస్ రొట్టెలు కాల్చాడు. పొద్దున్నే వరండా ఊడ్చాడు. ఎందుకూ అంటే, "చుట్టాలు వస్తున్నారుగా" అన్నాడు.

ఆంటీ ఎర్లీన్ వాళ్ళ పెద్దమ్మ కూతుర్ని తీసుకొచ్చింది. ఆంటీ మేవిస్. తొంభైకి దగ్గర. పూల గౌను, మగవాళ్ళ బూట్లు. ఇనప బీరువా తాళం తీసి, స్నైడర్‌ని బల్ల మీద పెట్టాను. ఆవిడ దాని వైపు తల తిప్పలేదు. నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"తుపాకి చూడరా ఆంటీ?"

"తుపాకులు చాలా చూశాను. నేనొచ్చింది నిన్ను చూడ్డానికి. చెప్పు."

"ఈ తుపాకుల లోకంలో ఒక పద్ధతుంది ఆంటీ, ఎక్కువ గాట్లుంటే ఎక్కువ..."

"అది పేపర్లో రాసుకో" అంది ఆంటీ ఎర్లీన్ కిటికీ దగ్గర నుంచి. "నువ్వేం చేశావో అది."

చెప్పాను.

"దేంతో కడిగావు?" అంది ఆంటీ మేవిస్.

"టర్పెంటైన్. పాత టూత్‌బ్రష్."

"ఎవరి టూత్‌బ్రష్?"

"నాదే."

"ఎంతసేపు పట్టింది?"

"పొద్దున్నంతా. లోతుగా ఉంది."

తల ఊపింది. కళ్ళు నా మొహం మీంచి తీయలేదు. తుపాకి మీద నేను భూతద్దం పెట్టినప్పుడు ఎలా చూస్తానో అలా చూసింది. తొందర లేకుండా. ఏం కనబడిందో చెప్పలేదు.

లెస్ టీ తెచ్చాడు. రెండు రొట్టెలు తిన్నది, ఒకటి రుమాల్లో చుట్టుకుంది. ఆంటీ ఎర్లీన్ చేయి పట్టుకుని మెట్లు దిగుతూ ఆగి, వెనక్కి తిరిగింది.

"వచ్చే ఆదివారం మా చెల్లెలు డాట్ వస్తుంది. దానికి చెవుడు. గట్టిగా చెప్పాలి."